ఆకురాయి గీతలు

పాత బండి ఇంజన్ సిలిండరు ఒక పట్టాన లేవలేదు. చెక్క సుత్తితో నాలుగు వైపులా తట్టి, సందుల్లో డీజిల్ పోసి రాత్రంతా నాననిచ్చి, పొద్దున మళ్లీ తడితే అప్పుడు కదిలింది. కదలడంతోనే హైదరాబాద్ కవాడిగూడలోని లేత్ షాపు నిండా ఆముదం వాసన. పచ్చి ఆముదం కాదు, కాలిన ఆముదం. పనిచేసే పిల్లలు ముక్కులు మూసుకుని "ఇంజన్ల ఆముదమేంది మేడం?" అన్నారు.

మా నానమ్మది నల్లగొండ వైపు ఊరు. అక్కడి చెల్కల్లో ఆముదాలే పంట. ఆమె తలకు రాసేది అదే, దీపంలో పోసేది అదే, మాకు కడుపు నొప్పి వస్తే ముక్కు పట్టుకుని తాగించేది అదే. అయినా ఆ పొద్దున నాకు గుర్తొచ్చింది నానమ్మ కాదు. ముషీరాబాద్‌లో ఒక రేకుల షెడ్డు, దాని ముందు మూడు కాళ్ల స్టూలు, దాని మీద లంగా మోకాళ్ల మధ్య కుక్కుకుని కూర్చున్న నేను, బండి సైలెన్సర్ నుంచి నీలంగా లేచే పొగ, ఆ పొగలో ఈ వాసన.

అది మా చిన్నాయన బండి. రాజ్‌దూత్ 350. ఆర్‌డీ అంటేనే జనానికి తెలుస్తుంది. జపాన్‌లో యమహా చేసిన ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి ఇక్కడ తయారుచేసి అమ్మింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. చేతక్‌లు, యెజ్డీలు, బుల్లెట్లు తిరిగే మన రోడ్ల మీదికి 30.5 హార్స్ పవర్‌తో వచ్చింది. జపాన్ బండికి 39 ఉండేదట, మైలేజీ కోసం ఇక్కడ తగ్గించారు. అదీ సరిపోక తర్వాతి మోడల్‌కు 27కు దించారు. ముందు వచ్చినదాన్ని హై టార్క్ అనీ, తర్వాతదాన్ని లో టార్క్ అనీ ఇప్పటికీ మెకానిక్‌లు విడదీసి చెబుతారు. చిన్నాయనది హై టార్క్. చిట్టీ ఎత్తి కొన్నాడు. కొన్న ఏడాది తిరగకుండానే లైట్లు, ఇండికేటర్లు, వెనక సీటు, స్టాండు అన్నీ పీకించి రేసు బండి చేయించాడు. తాతయ్య ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు.

*

ఆ పని చేసింది ఉస్తాద్. ఆయనకు పేరుంది, కానీ ఆ గల్లీలో ఎవరూ పేరుతో పిలవగా నేను వినలేదు. చిన్నాయనతో ఉర్దూలో, నాతో తెలుగులో మాట్లాడేవాడు. నన్ను "బేటా" అనేవాడు. సెలవు రోజు చిన్నాయన వెంట నేను కూడా తయారైతే అమ్మ మొత్తుకునేది, ఆడపిల్లకు ఆ గ్రీజు మధ్య ఏం పని అని. ఉస్తాద్‌కు మాత్రం ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. వెళ్లగానే నా చేతికి ఒక పాత బ్రష్షు, మూతలో ఇంత పెట్రోలు ఇచ్చేవాడు. సియాసత్ పేపరు పరిచి, విప్పిన సామానంతా విప్పిన వరసలోనే దాని మీద పెట్టడం నా డ్యూటీ. "ఏది ముందు ఇప్పినమో అది ఆఖరికి బిగించాలె. వరస తప్పితే బండి మనకు దుష్మన్ అయితది" అనేవాడు.

ఆజమాబాద్ వైపు నుంచి గాలి మళ్లితే సిగరెట్ ఫ్యాక్టరీ పొగాకు వాసన షెడ్డు దాకా వచ్చేది. నాలుగున్నర ప్రాంతంలో ఇరానీ హోటల్ పిల్లాడు చాయ్ తెచ్చేవాడు, దో మే తీన్. మూడో కప్పు నాది. రేకుల మీద ఎండకు టక్కుమని చప్పుళ్లు, పక్క దుకాణంలో డెంటింగ్ చేసేవాళ్ల సుత్తి, ఉస్తాద్ చేతిలో ఆకురాయి. ఆ ఆకురాయి చప్పుడు నాకు ఇప్పటికీ విడిగా వినిపిస్తుంది. గరగరమని కాదు. ఒక్క గీత గీసి, ఆగి, వేలితో తడిమి, మళ్లీ ఒక్క గీత. మధ్యలో ఆకురాయికి సుద్ద రాసేవాడు, లోహపు పొడి పళ్లలో ఇరుక్కోకుండా. సిలిండర్ గోడలో పొగ బయటికి పోయే కిటికీ ఉంటుంది కదా, పోర్టు అంటారు, దాని పై అంచు ఎంత ఎత్తులో ఉందనేదాన్ని బట్టి ఇంజన్ ఏ స్పీడులో బలం చూపిస్తుందో తేలుతుంది. ఎక్కువ గీసేస్తే తిరిగి అతికించలేం. సిగరెట్ అట్ట కత్తిరించి రెండు సిలిండర్లకూ ఒకే కొలత చేసుకుని, దాని ప్రకారం గీసేవాడు. చదువు లేదు ఆయనకు. కానీ ఆ అట్ట ముక్క మీద పెన్సిల్‌తో గీసిన వంపు ఇంజనీరు గీసినంత శుభ్రంగా ఉండేది.

ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో తేల్చేవి పాయింట్లు. వాటి టైమింగ్ చూడ్డానికి చార్మినార్ సిగరెట్ పల్చటి కాగితం చింపి పాయింట్ల మధ్య పెట్టేవాడు. ఆర్‌డీకి రెండు సిలిండర్లకు రెండు పాయింట్ సెట్లు. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక సైకిల్ పుల్ల దింపి, పిస్టన్ పైకొచ్చేదాకా మెల్లగా తిప్పుతూ కాగితాన్ని సుతారంగా లాగేవాడు. పాయింట్ విడివడిన క్షణానికి కాగితం జారి చేతికొచ్చేది. అప్పుడు పుల్ల మీద ఆకురాయితో పెట్టుకున్న గాటు ఎక్కడుందో చూసేవాడు. నన్నూ లాగమనేవాడు. నా వేళ్లకు ఆ జారడం తెలిసిన రోజు ఆయన ఇంకో చాయ్ చెప్పాడు, ఈసారి నాకు నిండు కప్పు.

ప్లగ్గు చదవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. బండిని నిండు థ్రాటిల్‌లో పరుగెత్తించి, క్లచ్ పట్టి, అదే ఊపులో ఇంజన్ ఆపి, అక్కడికక్కడే ప్లగ్గు విప్పాలి. నెమ్మదిగా నడిపించుకుంటూ వచ్చి విప్పితే అది అబద్ధం చెబుతుంది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా ఉంటే తక్కువైంది, ఇంజన్ మాడుతోంది, ఇంకాసేపు నడిపితే పిస్టన్‌కు బొక్క పడుతుంది. "ఉస్మానియా బిస్కట్ రంగుండాలె బేటా" అనేవాడు ఉస్తాద్. చాయ్‌లోకి తెచ్చిన బిస్కట్‌ను ప్లగ్గు పక్కన పెట్టి నిజంగానే పోల్చి చూసిన రోజులున్నాయి.

*

రేసుకు బండి సిద్ధమైన ఏడాదిలో సైలెన్సర్లు కూడా ఆయనే కట్టాడు. కంపెనీ సైలెన్సర్లు తీసి, రేకు కత్తిరించి శంకువుల్లా చుట్టి, ఒకదానికొకటి గ్యాస్ వెల్డింగ్‌తో అతికించి, మధ్యలో లావుగా, రెండు చివర్లా సన్నగా ఉండే చాంబర్లు చేశాడు. ఎందుకలా అని అడిగాను. "పొగ బయటికి ఉరుకుతది. ఎన్కనే కొంచెం మంచి పెట్రోలు కూడ జారిపోతది. ఈ డబ్బా సన్నబడ్డ కాడ దెబ్బ తగిలి గాలి ఎన్కకు తిరుగుతది. తిరిగొచ్చి, జారిన పెట్రోలును మల్ల లోపలికి నూకాలె, సరిగ్గ తలుపు మూసుకునే ముందల. జర ముందొచ్చినా, జర ఎన్కొచ్చినా బేకార్." చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో చేరాక, టూ స్ట్రోక్ ఇంజన్ల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం చదివితే అందులో ఒక అధ్యాయమంతా ఈ నాలుగు మాటలే ఉన్నాయి.

ఆముదం సంగతి కూడా చెప్పాలి. ఆర్‌డీలో ఆయిల్ విడిగా పోస్తే పంపు దానంతట అదే ఇంజన్‌కు అందిస్తుంది. రేసుకు ఆ పంపు తీసేసి, పెట్రోలులోనే ఆయిల్ కలుపుతారు. ఎంత వేడిలోనూ లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకునే గుణం ఆముదానికి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజన్లు కూడా దానితోనే తిరిగాయి. రేసువాళ్ల కోసం డబ్బాల్లో అమ్మే ఆయిళ్లలో కొన్ని కూడా ఆముదంతో చేసినవే. అది పెట్రోలుతో ఒక పట్టాన కలవదు, చలికి విడిపోయి అడుక్కు చేరుతుంది. అందుకే పరుగు ఉన్న పొద్దునే కలిపి, బాగా ఊపి, సాయంత్రానికి ట్యాంకు ఖాళీ చేసేవాళ్లు. చీకటి ఉండగానే చిన్నాయనా ఉస్తాదూ బండిని షామీర్‌పేట రోడ్డు వైపు తీసుకుపోయేవాళ్లు. అప్పట్లో ఆ రోడ్డు మీద తెల్లారేదాకా లారీలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ పొద్దు చిన్నాయన ఇంటికొస్తే చొక్కా నిండా ఆ వాసనే. నానమ్మ బావి దగ్గరే నిలబెట్టి "నా ఆముదం ఎవడు కాలబెట్టిండ్రా" అనేది.

*

రేసులు మద్రాసు దగ్గర షోలవరంలో. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే అది, దానినే ట్రాక్ చేసుకుని పోటీలు పెట్టేవాళ్లు. నేను ఎప్పుడూ చూడలేదు. నేను చూసింది నాంపల్లి స్టేషన్ దాకానే. ట్యాంకులో చుక్క లేకుండా పెట్రోలు తీసేసి, బండికి గోనెసంచులు చుట్టి, దబ్బనంతో కుట్టి, ఆ గోనె మీద అడ్రసు రాసి పార్సిల్ ఆఫీసులో ఇచ్చేవాళ్లు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో పార్సిల్ పెట్టెలో అది, జనరల్ పెట్టెలో వీళ్లిద్దరూ. ఉస్తాద్ పానాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, పై బెర్తు మీద పెట్టనిచ్చేవాడు కాదు. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద నాన్న నాకు చేతికో పత్రిక కొనిచ్చి ఇంటికి తీసుకొచ్చేవాడు.

తిరిగొచ్చాక వారం దాకా షోలవరం కథలే. మలుపుల దగ్గర పేర్చిన గడ్డిమోపులు, ఎండకు కరిగే తారు, మద్రాసు, బెంగళూరు, కోయంబత్తూరు నుంచి వచ్చిన బండ్లు, వాటికి ఏం చేశారో ఉస్తాద్ దొంగచాటుగా చూసి కొలతలు గుర్తుపెట్టుకోవడం. చిన్నాయన ఎప్పుడూ మొదట రాలేదు. ఒక ఫోటో ఉంది. తెల్లటి గుండ్రంలో నల్లగా 17 అని రాసిన నంబరు, ఆ అంకెలు వేసింది మా గల్లీ సైన్‌బోర్డు పెయింటర్. బండి పక్కన హెల్మెట్ చంకలో పెట్టుకుని చిన్నాయన, కాస్త వెనకగా ఫోటో కోసం కాకుండా ముందు చక్రం బ్రేకు వైపు వంగి చూస్తున్న ఉస్తాద్.

ఇక్కడి ఆర్‌డీకి జపాన్ బండికున్న డిస్క్ బ్రేకు ఇవ్వలేదు. డ్రమ్ము బ్రేకే. వరసగా పట్టుకుంటే వేడెక్కి జారిపోయేది. అందుకని ఆయన డ్రమ్ము పక్క ప్లేటుకు రంధ్రాలు వేసి, చాయ్ వడకట్టే జాలి కత్తిరించి లోపలి నుంచి అతికించాడు, గాలి పోవాలి, కంకర పోకూడదు. ఆ జాలి ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాత చిన్నాయనకు పెళ్లయింది, ఉద్యోగం బదిలీ అయింది. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చింది, షోలవరం ముచ్చట ముగిసింది. బండి విద్యానగర్ ఇంటి వెనక రేకుల కింద, టార్పాలిన్ కప్పుకుని ఉండిపోయింది.

*

పోయిన రంజాన్ నెలలో ఉస్తాద్ పోయాడు. ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. అదే నెలలో ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చాం, సామాను తీసేయాలన్నారు. స్క్రాప్ వాడు వచ్చి టార్పాలిన్ ఎత్తి, ఇనుము ధర చెప్పాడు. నేను ఆ రోజే ట్రాలీ ఆటో మాట్లాడి బండిని కవాడిగూడకు తరలించాను.

పాత బండ్లు బాగుచేయించుకునే స్నేహితుడొకాయన వచ్చి చూసి చాలా సంతోషపడ్డాడు. హై టార్క్ బండి ఇంత పూర్తిగా దొరకడం కష్టమన్నాడు. ఆయన సలహా ఒకటే, ఒరిజినల్ కండిషన్‌కు తేవాలి. అంటే చెర్రీ ఎరుపు రంగు, క్రోమ్ సైలెన్సర్లు, ఇండికేటర్లు, గీతలు పడని వేరే సిలిండర్లు. ఆయన ప్రేమతోనే చెప్పాడు. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా ఉంచడం ఒక పద్ధతి, దానికి నేను విలువ ఇస్తాను. కానీ అలాంటివి కంపెనీ వేలల్లో చేసింది, బాగుచేసినవి ఈ నగరంలోనే చాలా ఉన్నాయి. ఈ సిలిండర్ల పోర్టుల్లో ఉన్న వంపు మాత్రం ఇంకెక్కడా లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్‌రాయిస్‌ను, 1912 నాటి పసుపు కారును, మురిపెంగా చూపిస్తాం. ముషీరాబాద్ షెడ్డులో ఒక మనిషి రేకు చుట్టి, ఆకురాయి పట్టి చేసిన ఈ పనీ హైదరాబాద్ పనితనమే. నాకు ఈ బండి ఒరిజినల్ అంటే నాంపల్లిలో గోనె చుట్టిన పొద్దున అది ఎలా ఉందో అదే.

కాబట్టి రంగు వేయించలేదు. 17 మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. తుప్పు పట్టినచోట మాత్రం శుభ్రం చేయించి, లోపల తిరిగే భాగాలన్నీ కొత్తవి వేయించాను.

*

పిస్టన్ రింగులు ఆముదానికి బిగుసుకుపోయి ఉన్నాయి. ఆరి, మాడి, లక్కలా గట్టిపడింది. డీజిల్, థిన్నర్, కిరోసిన్, దేనికీ రాలేదు. చివరికి కార్ల రేడియేటర్లలో పోసే కూలెంట్‌ను ఆరుబయట సన్నటి మంట మీద వేడి చేసి అందులో నానబెడితే గోధుమ రంగు పొరలు పొరలుగా విడిపోయింది. పిస్టన్ పై భాగం తుడిచాక టార్చి వెలుతురులో చూశాను. ఉస్తాద్ కుడి ఎడమలు గుర్తుకు సూదిమొనతో చెక్కిన రెండు ఉర్దూ అక్షరాలు కనిపించాయి. ఆ పిస్టన్లు అరిగిపోయాయి, మళ్లీ వేయలేం. సిలిండర్లను బోర్ చేయించి, అంటే లోపలి గోడను కాస్త చెక్కించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేశాం. బోరింగ్ గోడను మాత్రమే తాకుతుంది కాబట్టి పోర్టుల్లో ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయి. పాత పిస్టన్లు నా బల్ల మీద ఉన్నాయి.

సీళ్ల కోసం రాణిగంజ్ గల్లీలన్నీ తిరిగాం. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కింద తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, ఉన్న గది గాలి చొరకుండా మూసి ఉండాలి. ఏళ్ల తరబడి ఊరికే ఉంటే రబ్బరు సీళ్లు చెక్కలా అవుతాయి. ఎడమ సీలు పోతే గాలి పీల్చి ఆ సిలిండరు మాడుతుంది. కుడి సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది. అమెరికాలో మిన్నియాపొలిస్‌లో ఉండే మా తమ్ముడికి ఫోన్‌లో ఈ గోడు చెబితే ఒక వీడియో పంపాడు. వాళ్ల వైపు మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్లుంటాయి. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో, ఈగిల్ రివర్‌లో, 1964 నుంచి వాటికి పోటీలు జరుగుతున్నాయట. యమహా కూడా 1968లోనే అలాంటి బండి తెచ్చింది. వీడియోలో ఒక పెద్దాయన తన పాత రేసు స్నోమొబైల్ ఇంజన్ విప్పి కూర్చున్నాడు. అదీ టూ స్ట్రోకే, అదీ రెండు సిలిండర్లే. ఆయన బాధ కూడా క్రాంక్ సీళ్లే! చుట్టూ మోకాలెత్తు మంచు, చేతిలో మాత్రం మన షెడ్డులో ఉన్నట్టే నల్లబడ్డ సీలు. ఆ వీడియోను ఉస్తాద్ కొడుకు కన్నార్పకుండా చూశాడు, చివర్లో ఆయన సీలు నొక్కే తీరు నచ్చక తల అడ్డంగా ఊపాడు.

ఉస్తాద్ కొడుకు ఇప్పుడు బ్యాటరీ స్కూటర్లు సర్వీసు చేస్తాడు. పాత షెడ్డు లేదు, ఆ రోడ్డు మీద మెట్రో పిల్లర్లు వచ్చాయి. కానీ తండ్రి పానాల సంచీ అతని దగ్గరే ఉంది. అందులో ఆ సైకిల్ పుల్ల దొరికింది. రెండు గాట్లు. ఆర్‌డీకి పిస్టన్ పై అంచు చేరడానికి 2 మిల్లీమీటర్ల ముందు నిప్పు పడాలని యమహా పుస్తకంలో ఉంది. డయల్ గేజి పెట్టి ఆ గాట్ల మధ్య కొలిచాం. సరిగ్గా 2. అతను పుల్లను లుంగీ అంచుతో తుడిచి తిరిగి సంచీలో పెట్టాడు. టైమింగ్ మాత్రం దానితోనే కట్టాం. చార్మినార్ కాగితం నేను లాగాను.

*

చిన్నాయన ఇప్పుడు మియాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. మోకాళ్లు అరిగాయి, చెవులు బాగానే ఉన్నాయి. షామీర్‌పేట దాటాక ప్లాట్లు కొట్టి ఇంకా ఇళ్లు కట్టని ఒక వెంచర్ ఉంది, లోపల తారు రోడ్డు తిన్నగా ఉంటుంది. యజమానిని అడిగి, ఒక ఆదివారం పొద్దున్నే బండిని ఆటోలో అక్కడికి చేర్చాం. కారులోంచి దిగి చిన్నాయన ముందు బ్రేకు ప్లేటు జాలి వేలితో తట్టి చూశాడు. ట్యాంకు మీద చెయ్యి వేయలేదు, కూర్చుంటానని అనలేదు.

ఉస్తాద్ కొడుకు తోసి స్టార్ట్ చేశాడు. ముందు ఒక సిలిండరే అందుకుంది, తర్వాత రెండోది. అతను రోడ్డు చివరిదాకా వెళ్లి, తిరిగి, నాలుగో గేరు దాటాక చాంబర్లు అందుకుని చప్పుడు ఒక్కసారిగా పదునెక్కింది. చిన్నాయన కళ్లు మూసుకోలేదు, నవ్వలేదు. తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. మా ముందుకొచ్చేసరికి బండి ఆగింది.

"నిండు థ్రాటిల్ల ఆపినవా, స్లోల తెచ్చినవా?"

"నిండుల్నే చిచ్చా."

"ప్లగ్గులు ఇప్పు."

వేడి ప్లగ్గులు గుడ్డలో పట్టుకుని నేనే అందించాను. చిన్నాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎండకు తిప్పి చూశాడు. రెండూ ఉండాల్సిన దానికన్నా తెల్లగా ఉన్నాయి. నా గుండె జారింది, సీలు మళ్లీ ఎక్కడో గాలి పీలుస్తుందనుకున్నాను.

"ఒక్కటే తెల్లగుంటే సీలు. రెండూ ఒక్క తీరుగ తెల్లగున్నయి. ఏం పెట్రోలు పోసిన్రు?"

బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తుందని చెప్పాను. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, పాత జెట్లు, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు పోయే సన్నటి రంధ్రాలు, పంపే కొలత దానికి చాలదు. చిన్నాయన ప్లగ్గులు నా చేతిలో పెట్టి ఉస్తాద్ కొడుకు వైపు తిరిగాడు.

"మీ నాయన జెట్లు అప్పటి పెట్రోలుకు కట్టిండు. ఒక నంబరు పెద్దయి ఏసి మల్ల ఉరికించు. నేనీడనే ఉంట."